స్కార్వోయ రేవుకు కొత్త వెర్షన్

లాంచీ ఆగిందన్న కబురు గాలిహోరుతో కలిసి ఫోన్లో నా చెవిన పడింది.

"ఆగింది తూవా," అన్నాడు యోస్తైన్. "బటన్ నొక్కానో లేదో, అంత పెద్ద లాంచీ మూతి తిప్పుకుని నా ఒక్కడికోసం రేవులోకి వచ్చేసింది. ఎక్కడానికి పలక కూడా దించారు. అందరూ నావైపే చూస్తున్నారు. నాకెక్కడికీ పనిలేదండీ అని చెప్పడానికి మొహం చెల్లలేదు. ఎక్కేశాను."

"ఎక్కేశావా?"

"పెయింటు ప్యాంటుతోనే. బ్రష్షు కూడా చేతిలోనే ఉంది."

యోస్తైన్ మా ఆయన. పెళ్లయి ఇంకా నెల తిరగలేదు కాబట్టి "మా ఆయన" అన్న మాట ఎక్కడ సందు దొరికితే అక్కడ వాడేస్తున్నాను. బ్యాంకులో వాడాను, రొట్టెల దుకాణంలో వాడాను, పళ్ల డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని ఉన్నప్పుడు కూడా వాడాను. డాక్టరుకేమీ అర్థంకాక తల ఊపాడు.

ఆ లాంచీ ఆగడం మాకిద్దరికీ ఎంత అవసరమో చెప్పాలి. స్కార్వోయ చాలా చిన్న దీవి. అక్కడ పసుప్పచ్చ ఇల్లొకటి అద్దెకు మాట్లాడుకున్నాం, ఆదివారం దిగాలి. వంటగదికి సముద్రం వైపు కిటికీ ఉంది, ఆ కిటికీ చూసే నేను సరే అన్నాను. చిక్కల్లా ఏమిటంటే, మా ఆఫీసున్న ఓలెసుండ్ ఊరి నుంచి ఉత్తరానికి పోయే లాంచీలు ఆ దీవి పక్కనుంచే వెళ్తాయి గాని ఆగవు. ఆదివారం మొదలయ్యే వేసవి టైంటేబుల్ నుంచి, రేవులో ఎవరైనా ఫోన్లో బటన్ నొక్కి పిలిస్తే ఆపుతామని జిల్లా రవాణా శాఖవాళ్లు ఒప్పుకున్నారు. ఆ పిలుపు లాంచీకి చేరవేసే సాఫ్ట్‌వేర్ మా ఆఫీసుదే. లాంచీ ఆగకపోతే నేను పనికి రాలేను. పనికి రాలేకపోతే ఆ ఇల్లు వదులుకుని, ఊళ్లో యోస్తైన్ ఒంటిగదిలోనే ఉండిపోవాలి. అక్కడ ఫ్రిజ్ తలుపు తెరవాలంటే మంచం మీదుగా పాకి వెళ్లాలి.

అందుకే ఆ ఉదయం పరీక్ష ప్రయాణం. జిల్లా తరఫున తురిడ్ అనే ఆవిడ లాంచీలో ఉంది. గోడలకు రంగు వేయడానికి యోస్తైన్ ఎలాగూ దీవిలోనే ఉన్నాడు గనక బటన్ నొక్కే పని వాడికి అప్పగించాం. నొక్కమన్నాం గాని, ఆగాక ఏం చెయ్యాలో చెప్పలేదు.

కాసేపటికి తురిడ్ దగ్గర్నుంచి కూడా కబురొచ్చింది. 8.3.0 వెర్షన్‌కు ఆమోదం. ప్రయాణికుడి చేతిలో బ్రష్షు ఉండటం నియమాలకు విరుద్ధం కాదు, అని కింద రాసింది.

ఆఫీసులో ఉన్నది మేం ముగ్గురం. కంపెనీ పెట్టిన రాగ్న్‌హిల్డ్, నా ఎదురు బల్ల సిండ్రె, నేను. రాగ్న్‌హిల్డ్ లేచి వాఫల్ పెనం ప్లగ్గు పెట్టింది. రిలీజ్, అంటే బయటికి పంపే కొత్త వెర్షన్, ఆమోదం పొందిన రోజు మాకు గళ్ల అట్లలాంటి వాఫల్స్ ఉంటాయి, పిండి కలిపే పని ఆ రిలీజ్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లది. ఈసారి నాది. పెళ్లికి ముందు కలిపినప్పుడు ఉండలు కట్టేది, ఇప్పుడు కట్టలేదు. ఈ సంగతి నేనే పైకి అన్నాను. అయితే నీ వెర్షన్ మారిందన్నమాట, పెళ్లయ్యాక ఎంత, రెండు పాయింట్ సున్నానా అని సిండ్రె అడిగాడు. మొదటి అంకె మార్చాలంటే పాతవేవో పనిచెయ్యకుండా పోవాలి, దీని పాత అలవాట్లన్నీ భేషుగ్గా పనిచేస్తున్నాయి, చివరి అంకె పెంచితే చాలు అంది రాగ్న్‌హిల్డ్.

మా సాఫ్ట్‌వేర్ ఒక్క ముద్ద కాదు. పదకొండు ముక్కలు, ఒక్కోదాన్ని మాడ్యూల్ అంటాం. టైంటేబుల్ ఒకటి, టికెట్లు ఒకటి, రేవుల్లోంచి వచ్చే పిలుపులది ఒకటి, అలా. ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసుకుని నిలబడతాయి. అన్నిటికీ ఒకటే వెర్షన్ అంకె ఉండాలన్నది రాగ్న్‌హిల్డ్ పెట్టిన పద్ధతి. ఒక్క మాడ్యూల్లో ఒక్క అక్షరం మారినా పదకొండూ కొత్త అంకె తొడుక్కోవాల్సిందే. ఇంట్లో ఒకరి పుట్టినరోజుకు అందరికీ కొత్తబట్టలు కుట్టించినట్టు. ఇదేం దుబారా అని చేరిన కొత్తలో నేను వాదించాను. నడిసముద్రంలోంచి కెప్టెన్ ఫోన్ చేసి ఏదో పనిచెయ్యడం లేదంటే, ఆయన చేత పదకొండు అంకెలు చదివిస్తావా, ఒకటి చదివిస్తావా అని రాగ్న్‌హిల్డ్ అడిగింది. మళ్లీ వాదించలేదు.

దానికి తోడు ఇంకో పద్ధతి ఉంది. ఒకసారి బయటికెళ్లిన అంకెను మళ్లీ వాడకూడదు. తప్పుంటే తర్వాతి అంకెతో దిద్దాలి. లోపలి సరుకు మార్చి పైన పాత చీటీయే ఉంచడమంటే రాగ్న్‌హిల్డ్ దృష్టిలో పాలల్లో నీళ్లు కలపడమే.

మొదటి వాఫల్ మీద గోధుమరంగు చీజ్ కరుగుతుంటే సిండ్రెకు ఒక ఆలోచన వచ్చింది. యోస్తైన్‌లాంటి మొహమాటస్తులు చాలామంది ఉంటారు, పొరపాటున పిలిచినవాళ్లు "వద్దులెండి" అని చెప్పడానికి ఇంకో బటన్ కావాలి. తర్వాతి వెర్షన్‌కు పెట్టేద్దాం అని, పళ్లెం పక్కన పెట్టుకుని అప్పుడే రాయడం మొదలెట్టాడు. వాడంతే, చెయ్యి ఊరుకోదు. నా పెళ్లి రోజుల్లో నా పని కూడా తనే నెత్తిన వేసుకున్నాడు. స్కార్వోయ పిలుపు ఈ వెర్షన్లోకి రావడానికి కారణం వాడే. పెళ్లికానుక ఏదిరా అంటే, రేవు ఇచ్చాను కదా అంటాడు.

రెండో వాఫల్ చల్లారేలోపు చిన్న పని ముగిద్దామని నా కంప్యూటర్ దగ్గరికెళ్లాను. రిలీజ్ మూసేముందు 8.3.0 మీద పరీక్షలన్నీ మరోసారి నడిపిస్తాం. ఊరికే, దిష్టి తీసినట్టు. ఉంగరం తగిలి కీబోర్డు టిక్కుటిక్కుమంటోంది. ఆ చప్పుడు నాకెంత ఇష్టమో, అవసరం లేనివి కూడా రెండు టైపు చేశాను.

పది మాడ్యూళ్లు నెగ్గి పచ్చగా వచ్చాయి. టికెట్లది ఎర్రగా వచ్చింది.

మళ్లీ నడిపాను. మళ్లీ ఎరుపే.

టికెట్ల మాడ్యూల్ని ఎవరూ ముట్టుకోలేదు. అసలు బయటికెళ్లిపోయిన వెర్షన్ని ఎవరూ ముట్టుకోలేరు. అది రాయి. పొద్దున పచ్చగా ఉన్న రాయి మధ్యాహ్నానికి ఎర్రబడటమేమిటి? వాఫల్ సంగతి మర్చిపోయి, టికెట్ల మాడ్యూల్ ఏయే భుజాల మీద చెయ్యి వేసుకుందో ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్లాను. అన్నిచోట్లా 8.3.0 అని ఉంది. పిలుపుల దగ్గర మాత్రం లేదు. అక్కడ కచ్చా ప్రతి అని ఉంది.

కచ్చా ప్రతి అంటే మేం ఇంకా రాస్తూ ఉన్నది. దాని పేరు మారదు గాని, మాలో ఎవరు ఏం రాసి లోపల పెట్టినా సరుకు మారిపోతూ ఉంటుంది. పరీక్షించుకోవడానికి పనికొస్తుంది, బయటికి పంపడానికి పనికిరాదు. సిండ్రె ఇప్పుడే వద్దులెండి బటన్ సగం రాసి అందులో పెట్టాడు. దానితో టికెట్లు తలకిందులయ్యాయి. పొద్దున లాంచీలో తురిడ్ చూసింది, పొద్దున ఉన్న కచ్చా ప్రతితో. ఆదివారం లాంచీలు ఒక్కొక్కటే రేవుకు చేరి కొత్త వెర్షన్ దించుకుంటాయి. అప్పుడు ఏ లాంచీకి ఏ సరుకు అందుతుందో దేవుడికే తెలియాలి. స్కార్వోయలో ఎవరో వానలో నిలబడి బటన్ నొక్కుతారు, లాంచీ పక్కనుంచి దర్జాగా వెళ్లిపోతుంది.

సిండ్రెను పిలిచి తెర వైపు చూపించాను. వాడు వంగి చూశాడు, వాడి చెవులు ఎర్రబడ్డాయి. ఇలా కచ్చా ప్రతి మీద ఆనుకున్న మాడ్యూల్ ఉంటే రిలీజ్ ముందుకు కదలకుండా ఆపే తనిఖీ ఒకటుంది. నేను పెళ్లిలో ఉన్నప్పుడు, లాంచీవాళ్లకు తొందరగా చూపించాలని, టికెట్ల మాడ్యూల్ వరకు ఆ తనిఖీని వాడు పక్కన పెట్టాడు. తిరిగి పెట్టడం మర్చిపోయాడు. తొందరంతా మా రేవు కోసమే కాబట్టి కోప్పడదామంటే నాకు మనసు రాలేదు.

సరిగ్గా అప్పుడు మా ఆయన మెట్లెక్కి వచ్చాడు. చెవి మీద పసుప్పచ్చ రంగు, జేబులో గుడ్డలో చుట్టిన బ్రష్షు. లాంచీలో కాఫీ ఇచ్చారని, కెప్టెన్ చెయ్యి కలిపాడని మహా ఉత్సాహంగా మొదలుపెట్టి, మా ముఖాలు చూసి మధ్యలో ఆపేశాడు. వాడికి సంగతంతా చెప్పాను. సాఫ్ట్‌వేర్ ముక్క తెలియని మనిషికి చెబుతుంటే నాకే ఇంకా బాగా అర్థమైంది, దానితో ఇంకా భయం వేసింది.

ఎందుకంటే తురిడ్ ఆమోదించింది 8.3.0 అనే అంకెను. అంకె మారితే ఆమోదం పోతుంది, మళ్లీ పరీక్ష ప్రయాణం కావాలి. శుక్రవారం మధ్యాహ్నానికి వేసవి టైంటేబుల్ మూసేస్తారు. ఇవాళ గురువారం. ఆలోపు ఆమోదం లేకపోతే స్కార్వోయ పేరు కొట్టేస్తారు, తర్వాతి అవకాశం శరత్కాలం టైంటేబుల్‌కే. అంతవరకు ఆ ఇల్లు మాకోసం ఎవరు ఆపుతారు?

ఈ చిక్కులోంచి బయటపడే దారి సిండ్రెకు నాకంటే ముందే తట్టింది.

"బయటికెళ్లిన వెర్షన్లను తెరిచే తాళం నీ ఒక్కదాని దగ్గరుందిగా, రాగ్న్‌హిల్డ్. 8.3.0 ని తీసి, ఆ ఒక్క ముక్క బాగుచేసి, అదే అంకెతో అదే చోట పెట్టేద్దాం. పొద్దున తురిడ్ చూసిన సరుకే అక్షరం పొల్లుపోకుండా వెళ్తుంది. ఇందులో మోసమేముంది?"

నిజానికి నాకూ మోసమేమీ కనిపించలేదు. కనిపించకూడదనే నా కోరిక. రాగ్న్‌హిల్డ్ పెనం మూత తెరిచి, వాఫల్ తీసి, మళ్లీ పిండి పోసింది. నువ్వేమంటావని నేనే అడిగాను.

"రిలీజ్ నీది. తాళం అడిగితే ఇస్తాను," అంది. "ఇచ్చాక ఎందుకిచ్చానా అని నేను బాధపడతాను, అది వేరే సంగతి."

ఇలాంటి మనిషి కింద పనిచెయ్యడం ఎంత కష్టమో చూడండి.

పొద్దున పరీక్షకు వెళ్లిన లాంచీ గురించి ఆలోచించాను. దానికి 8.3.0 ఇప్పటికే అందింది. బయటికెళ్లిన అంకె మారదన్న నమ్మకంతోనే అందులోని సాఫ్ట్‌వేర్ రాశాం కాబట్టి, తన దగ్గరున్న అంకె చూసుకుని, నాకిది ఉందిలే అని కొత్తది దించుకోదు. కచ్చా ప్రతి మీద ఆనుకున్న పాత 8.3.0 దాని దగ్గర, బాగుచేసిన 8.3.0 మిగతా లాంచీల దగ్గర. ఆ మాట అంటే, ఆ లాంచీ ఎక్కి నా చేత్తో నేనే తుడిచి వస్తానన్నాడు సిండ్రె. వస్తాడు కూడా. కానీ పొద్దుట్నుంచి ఇంకెవరు దించుకున్నారో? మరమ్మతు షెడ్డులో ఉన్న లాంచీ దించుకుందో లేదో? రేపెప్పుడో పొగమంచులో కెప్టెన్ ఫోన్ చేసి అంకె చదివితే, 8.3.0 అంటాడు. అందరూ అదే అంటారు. అది విని మేం ఏం తెలుసుకుంటాం?

యోస్తైన్ కిటికీ గూట్లో కూర్చుని నా వాఫల్ తింటున్నాడు.

"నేను రోజూ తెడ్డేసి నిన్ను దింపుతాను," అన్నాడు.

"మధ్యాహ్నం భోజనానికి చేరుతుంది," అన్నాడు సిండ్రె.

"పోనీలే. ఫ్రిజ్ దగ్గరికి మంచం మీదుగా పాకడం నాకలవాటే." తర్వాత గొంతు తగ్గించి నాతో, "ఆ కిటికీ నీకెంత నచ్చిందో నాకు తెలుసు. అయినా నువ్వు చెప్పినట్టే కానీ," అన్నాడు.

వాడు అలా అనకుండా ఉంటే బహుశా తాళం అడిగేదాన్నేమో. ఇల్లు కావాలని గట్టిగా పట్టుబట్టినా అడిగేదాన్నేమో. ఎటూ తోయకుండా వదిలేసరికి నా మాట నాకు వినపడింది. ఆ రేవులో రేపు నిలబడేది నేనొక్కదాన్నే కాదు. మాకు పొరుగు కాబోయే, గొర్రెలు పెంచే ఆయన, వాళ్ల చెల్లెలు, బడికెళ్లే పిల్లలు, వాళ్లందరూ ఆ బటన్ మీద నమ్మకంతో నిలబడతారు. ఆగుతుందని అనుకుంటూ నిలబడటం కంటే, అసలు ఆగదని తెలిసి ఇంట్లో ఉండటం మేలు.

ఫోన్ తీసుకుని తురిడ్‌కు చేశాను. ఆవిడ అప్పటికి తన ఆఫీసుకు చేరింది. ఆమోదం ఇచ్చినందుకు థాంక్స్ చెప్పి, ఆ ఆమోదం వెనక్కి తీసుకోమని అడిగాను.

"పొద్దున పనిచేసింది కదమ్మా. నా కళ్లతో చూశాను. ఆ రంగులబ్బాయి నా పక్కనే కూర్చున్నాడు."

"పనిచేసింది. కానీ మీరు చూసినదీ ఆదివారం లాంచీలకు వెళ్లేదీ ఒకటి కాదండీ. పేరొకటే. లోపల వేరు. తప్పు మాది. 8.3.1 అని కొత్తది ఇవాళే ఇస్తాం, మారేది ఒక్క ముక్కే. మళ్లీ చూసి ఆమోదిస్తేనే స్కార్వోయను ఉంచండి. వీలుకాకపోతే కొట్టేయండి."

"కొట్టేస్తే మీ ఇల్లు?" అంది. యోస్తైన్ కాఫీ తాగుతూ మా కథంతా ఆవిడకు చెప్పేసినట్టున్నాడు.

ఇల్లు పోతుందన్నాను.

ఆవిడ నవ్వలేదు, ఓదార్చలేదు. వేళ్లతో బల్ల మీద దరువేస్తున్న చప్పుడు వినిపించింది. ఈ ఉద్యోగంలో ఇన్నేళ్లలో ఇచ్చిన ఆమోదం వెనక్కి తీసుకోమని ఎవరూ అడగలేదని, తీసుకోవడానికి కాగితం కూడా లేదని, అది తనే తయారుచేసుకోవాలని సణిగింది. సాయంత్రంలోగా 8.3.1 తన చేతికొస్తే, ఎలా చూడాలో తను ఆలోచించి చెబుతానంది. మాట ఇవ్వలేదు.

నేను ఫోన్ పెట్టేసరికి సిండ్రె తనిఖీని యథాస్థానంలో పెట్టేశాడు. పెట్టిన వెంటనే అది టికెట్ల మాడ్యూల్ దగ్గర అడ్డం పడి, కచ్చా ప్రతి ఉంది, కదలనివ్వను అంది. ఎంత ముద్దొచ్చిందో. సగం రాసిన వద్దులెండి బటన్ను సిండ్రె పక్కకు తీసి, పిలుపుల మాడ్యూల్ని పొద్దున ఉన్నట్టే ఉంచాడు. టికెట్ల మాడ్యూల్లో కచ్చా ప్రతి అన్న ఆ ఒక్క మాట నేను దిద్దాను. ఆపైన పదకొండింటికీ 8.3.1 తొడిగాం. పది మాడ్యూళ్లలో ఒక్క అక్షరం మారలేదు, అయినా కొత్త అంకె వేసుకుని బుద్ధిగా వరసలో నిలబడ్డాయి. దుబారా అని ఈసారి అనుకోలేదు.

పరీక్షలు నడుస్తున్నంతసేపు నా తెర చుట్టూనే తిరిగాం. బయట వాన పడింది, వెలిసింది, మళ్లీ పడింది. రాగ్న్‌హిల్డ్ యోస్తైన్‌కు తన పాత స్వెట్టర్ ఇచ్చింది, అది వాడి మోచేతుల దగ్గరే ఆగిపోయింది. సిండ్రె నా దగ్గరికొచ్చి వెన్నముద్ద ఉన్న గిన్నె నావైపు జరిపి వెళ్లాడు. ఒక్కో మాడ్యూల్ పచ్చగా మారుతుంటే, నాకు పండగ దీపాలు ఒక్కొక్కటే వెలిగించినట్టుంది. టికెట్లది చివర్న వచ్చింది. పచ్చగానే వచ్చింది.

రిలీజ్ బటన్ నొక్కమని రాగ్న్‌హిల్డ్ కళ్లతోనే చెప్పింది. నొక్కాను. మామూలుగా ఇళ్లకు పోయే వేళ దాటి పావుగంటో ఎంతో అయింది, కోట్లు వేసుకుని కూడా ఎవరూ కదల్లేదు. చివరికి తురిడ్ ఫోన్ చేసింది. అందరికీ వినబడేట్టు స్పీకర్ పెట్టాను.

8.3.1 అందిందట. తన ప్రశ్న ఒక్కటే: ఒక లాంచీలో పనిచేసినంత మాత్రాన అన్నిట్లో పనిచేస్తుందని తనెలా నమ్మాలి? చూస్తేగాని నమ్మొద్దండీ అన్నాను. ఆ జవాబే తనకు కావాలన్నట్టు గట్టిగా ఊపిరి వదిలింది. లాంచీ లోపల వెచ్చగా కూర్చుని కాఫీ తాగుతూ పరీక్షించడం ఇవాళ తను చేసిన పొరపాటని, అలా చూస్తే ఏదైనా బాగానే కనిపిస్తుందని అంది.

"అయితే వినండి," అంది తురిడ్. "రేపు పొద్దున ఉత్తరానికి వెళ్లేదొకటి, దక్షిణానికి వచ్చేదొకటి, రెండు లాంచీలూ 8.3.1 తో నడవాలి. రాగ్న్‌హిల్డ్ ఒకదాంట్లో, తూవా ఒకదాంట్లో ఎక్కండి. మా తమ్ముడు నన్ను తన పడవలో స్కార్వోయలో దింపి వెళ్లిపోతాడు. రేవులో నేనే నిలబడతాను, ఒంటరిగా, వాన పడినా సరే. రెండుసార్లు పిలుస్తాను. రెండూ ఆగితే మధ్యాహ్నం లోపల సంతకం పెడతాను."